సముద్రానికి వీపు పెట్టిన సరంగు

నాగుల్ మీరా పడవ నడపడం మొదటిసారి చూసినవాళ్ళు భయపడతారు. ఎదురుగా సముద్రం ఉంటుంది. కాలువ నీళ్ళు సముద్రంలో కలిసే చోట తెల్లగా నురగ లేస్తూ ఉంటుంది. లాంచీలో ఉన్నవాళ్ళందరి కళ్ళూ ఆ నురగ మీదే ఉంటాయి. చుక్కాని పట్టిన పెద్దమనిషి మాత్రం సముద్రానికి వీపు తిప్పి, వదిలి వస్తున్న ఒడ్డుకేసి కళ్ళు చికిలించి చూస్తూ ఉంటాడు, ఇంటికి తాళం వేశానో లేదో అని గుర్తు చేసుకునేవాడిలా. ఒకసారి ఎరువుల వ్యాపారి ఒకాయన బెజవాడ నుంచి వచ్చి, లాంచీ ఎక్కి, ఇది చూసి, "ఈయన్ని ముందుకి చూడమనండయ్యా బాబూ" అంటూ కమ్మీ పట్టుకుని కూలబడిపోయాడు. మీరా వినిపించుకోలేదు. ఆయన ముందుకి చూసి ఉంటే అప్పుడు నిజంగా మునిగేవాళ్ళు.

బందరు రేవు సంగతి ఎరగనివాళ్ళకి కాస్త చెప్పాలి. పేరుకి రేవే గాని ఓడ ఒడ్డుకి రాదు. ఇక్కడి సముద్రం చాలా దూరం వరకూ లోతు లేకుండా పరుచుకుని ఉంటుంది. ఓడలు ఎక్కడో అవతల లంగరు వేసుకుని, విడిదింట్లో కూర్చున్న వియ్యపురాలిలా, పనుంటే మీరే రండి అన్నట్టు ఉండిపోతాయి. అందుకని ఊరి రేవు నుంచి సముద్రం దాకా ఒక కాలువ ఉంది. సరుకు పడవల్ని లాంచీకి కట్టి, ఆ కాలువలోంచి లాక్కెళ్ళి, ఓడ పక్కన నిలబెట్టి, బస్తాలు దింపించుకుని వెనక్కి తేవాలి. ఆ లాంచీకి చుక్కాని పట్టేవాడే సరంగు. నాగుల్ మీరా ఆ పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తండ్రి తన మేనమామ దగ్గర నేర్చుకున్నాడు.

కాలువ చరిత్ర చెప్పమని కాలేజీ కుర్రాళ్ళు అప్పుడప్పుడూ వచ్చేవారు. మీరా కాదనకుండా చెప్పేవాడు గాని, చెప్పిన ప్రతిసారీ వేరుగా చెప్పేవాడు. డచ్చి దొరలు మొదలుపెట్టి వదిలేస్తే ఇంగ్లీషు దొరలు పూర్తిచేశారని ఒకసారి. అసలు ఎవరూ తవ్వలేదు, అది ఎప్పటినుంచో ఉన్న పాయ, దొరలు గట్లు చెక్కి తమ పేరు పెట్టుకున్నారని ఇంకోసారి. తన తాత ఈ కాలువ మట్టి మోశాడని ఒకసారి, ఆ తాతే మట్టి మొయ్యలేక నాగపట్నం పారిపోయాడని మరోసారి. అబద్ధాలాడే మనిషి కాదు. ఆయన విన్నవే అలా ఉన్నాయి. తన హయాంలో చూసింది మాత్రం ఒకటే మాటగా చెప్పేవాడు. రైళ్ళొచ్చి సగం సరుకు పట్టుకుపోయాయి, కాకినాడా విశాఖపట్నం మిగతా సగంలో సగం పట్టుకుపోయాయి, మట్టి తోడే యంత్రం ఒకటి వచ్చి, తోడిన మట్టిని గట్టు మీదే పోసి, వానలకి ఆ మట్టంతా తిరిగి కాలువలోకి దిగేదాకా ఉండి, వెళ్ళిపోయింది. అయినా ఏటా కొన్ని ఓడలు వచ్చేవి. ఉయ్యూరు చెరకు తోటలకి వేసే ఎరువు ఈ దారినే దిగేది. సరుకు పడవల మీద బతికే ఇళ్ళు రేవు పేటలో ఒక వాడంత ఉండేవి.

కష్టమంతా కాలువ సముద్రంలో కలిసే చోట ఉంది. దాన్ని మొగ అంటారు. మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. ఆ మేట మధ్య ఒకే ఒక్క దారి, రెండు పడవలు పక్కపక్కన పట్టేంత వెడల్పు, బరువు పడవకి సరిపడే నీళ్ళతో ఉంటుంది. పైకి చూస్తే అంతటా ఒకే రంగు నీళ్ళు, ఒకే నురగ. అందుకే ముందుకి చూసి లాభం లేదు. వెనక ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకోవాలి. దూరాన పాత లైట్‌హౌసు. దానికి ఇవతల, మొగ పక్కనున్న దిబ్బ మీద, పడవలవాళ్ళు మొక్కుకునే నాగూర్ మీరా సాహెబు జెండా. పొడుగాటి సరుగుడు కర్ర, దాని మీద పచ్చ గుడ్డ. ఆ జెండా వెనక లైట్‌హౌసు దాక్కుని రెండూ ఒకటే కర్రలా కనపడుతున్నంతసేపూ కింద నీళ్ళున్నట్టు. లైట్‌హౌసు ఇటో అటో తొంగి చూసిందంటే ఇసుక ఎక్కుతున్నట్టు. ఇంతే విద్య. ఇదొక్కటీ నాగుల్ మీరాకి అనుమానం లేకుండా తెలిసిన సంగతి. తన పేరు కూడా ఆ సాహెబు పేరే. ముగ్గురు పిల్లలు పోయాక వాళ్ళమ్మ మొక్కుకుని పెట్టిన పేరు.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. ఆ రోజు మీరా, ఆయన భార్య హమీదా ఊళ్ళో లేరు. హమీదా తమ్ముడి కూతురి పెళ్ళికని గుడివాడ వెళ్ళారు. గాలి ఆగి, రోడ్డు మీద పడ్డ చెట్లు నరికి, బస్సులు కదిలేదాకా అక్కడే చిక్కుబడిపోయారు. దివిసీమ మొత్తం తుడిచిపెట్టుకుపోయిందని ఒకరు, బందరు ఉందో లేదో తెలియదని ఇంకొకరు చెబుతుంటే మీరా గుడివాడ బస్‌స్టాండులో నిలబడి మొక్కుకున్నాడు. తన లాంచీ మనుషులు బతికి ఉంటే, తన ఇంటి కప్పు వేసుకునేలోపు సాహెబు జెండా నిలబెడతానని. వచ్చి చూస్తే లాంచీ మనుషులు బతికే ఉన్నారు. పడవల్ని ముందురోజే ఎగువకి లాక్కెళ్ళి కట్టుకున్నారు. ఇంటికి కప్పు లేదు. జెండా లేదు. జెండా ఉన్న దిబ్బా లేదు. దిబ్బ మీద ఉన్న పల్లెకారుల గుడిసెలు లేవు. ఆ గుడిసెల్లోవాళ్ళు చాలామంది లేరు.

మొక్కు మొక్కే కదా. హమీదా తల మీద తాటాకు కూడా లేకుండా వంట చేస్తుంటే, మీరా కొత్త సరుగుడు కర్ర భుజాన వేసుకుని, లాంచీలో లోతు చూసే గెడ పట్టే అబ్దుల్ ఖాదర్‌ని వెంటబెట్టుకుని మొగ దగ్గరికి నడిచాడు. కళ్ళెత్తితే ఒండ్రు. ఎటు చూసినా ఒకటే చదును. మడ చెట్లు లేవు, తుమ్మ పొదలు లేవు, బావి లేదు, దారి లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి తిరిగిన నేల మీద ఆయన పొరుగూరివాడిలా నిలబడిపోయాడు. కాసేపు అటు నడిచాడు, కాసేపు ఇటు నడిచాడు. చివరికి కాస్త ఎత్తుగా కనపడ్డ చోట ఆగి, "ఇదే" అన్నాడు.

"ఇదేనంటావా మావయ్యా?" అన్నాడు ఖాదర్.

"నా కాళ్ళకి తెలీదంట్రా?"

కాళ్ళకి తెలుసన్నాక ఇంకేం మాట్లాడతాడు. ఇద్దరూ గొయ్యి తవ్వి కర్ర పాతారు. పంచదార పెట్టి ఫాతెహా చదివించారు. మర్నాడు చూస్తే పల్లెకారుల ముసలామె తాతమ్మ వచ్చి ఆ కర్ర మొదట్లో కూర్చుని ఉంది. పాత దిబ్బ మీద, జెండా పక్కనే, మొదటి గుడిసె తాతమ్మది. ఉప్పెన రోజున పల్లె జనమంతా ఎత్తు చోటని జెండా దగ్గరికి పరుగెత్తారు. తాతమ్మ కూతురి పిల్లలు ముగ్గురూ ఆ జెండా కర్రని కావిలించుకుని ఉండగా నీళ్ళు కర్రతో సహా తీసుకుపోయాయి. తాతమ్మ మాత్రం ఎక్కడో తుమ్మ కొమ్మల్లో దొరికింది, ఒంటి మీద గుడ్డ లేకుండా, ప్రాణంతో. పిల్లలు దొరకలేదు. ఆమె ఒక గ్లాసు పాలు కర్ర మొదట్లో పోసి, కొంగుతో కర్రని తుడిచి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అప్పటినుంచి రోజూ వచ్చేది. మీరాకి గుండె నీరయింది. దాంతోపాటు, చెప్పకూడదు గాని, ధైర్యం కూడా వచ్చింది. తను పాతింది సరైన చోటే. కాకపోతే ఆవిడెందుకు వస్తుంది.

ఆ సీజనులో మొదటి ఓడ వచ్చింది. మీరా ఎప్పట్లాగే సముద్రానికి వీపు పెట్టి, జెండా వెనక లైట్‌హౌసుని దాచి, మొగలోకి వెళ్ళాడు. పడవ ఇసుక ఎక్కింది. పోటు వచ్చేదాకా ఆగి, లాగి, మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ఎక్కింది. ఆ ఏడాదంతా అదే గోల. సగం సరుకే వేసిన పడవల్ని పోటు మీద ఎలాగో ఈడ్చుకుంటూ నెట్టుకొచ్చారు. ఓడవాళ్ళు విసుక్కున్నారు.

"సముద్రం జరిగింది" అన్నాడు మీరా. ఉప్పెనకి మొగ మారిపోయిందన్నమాట. అది జరగని పని కాదు, అందరూ ఒప్పుకున్నారు. మరయితే ఎటు జరిగింది? గెడ వేసి లోతు చూసుకుంటూ వెతకొచ్చుగా అని మీరు అడగొచ్చు. వెతికాడు. అలల్లో గెడ నిలవదు, నిలిచినా పడవ నిలవదు. ఒకరోజు ఉత్తరపు వైపున మంచి లోతు తగిలింది కూడా. మీరా తలెత్తి ఒడ్డుకేసి చూశాడు. లైట్‌హౌసు జెండాకి బాగా పక్కగా నిలబడి ఉంది. "ఇది దారి కాదురా, ఏదో గుంట" అని పడవ తిప్పేశాడు. జెండాని నమ్మాడు, నీళ్ళని నమ్మలేదు.

తర్వాత ఆయన అనుమానం లైట్‌హౌసు మీదికి వెళ్ళింది. గాలికి ఒరిగి ఉంటుందని. ఒక మధ్యాహ్నం దారానికి రాయి కట్టుకుని వెళ్ళి, దాని గోడ పక్కన పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి, చుట్టూ తిరిగాడు. లైట్‌హౌసు నిటారుగానే ఉంది. అది కూడా ఆయన్ని బాధపెట్టింది. ఆ పైన తన కళ్ళ మీద అనుమానం వచ్చింది. గుడివాడలో బావమరిదికి తెలిసిన డాక్టరుకి చూపించుకుని కళ్ళజోడు పెట్టించుకున్నాడు. జోడు పెట్టుకుని వెళ్ళి, జెండా గుడ్డకున్న చిరుగు కూడా స్పష్టంగా చూస్తూ, పడవని మళ్ళీ ఇసుక ఎక్కించాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంది గాని, ఆ మనిషి లోపల నలిగిపోతున్నాడు. ఇరవయ్యేళ్ళ వయసు నుంచి చేస్తున్న పని చేతిలోంచి జారిపోతుంటే ఎందుకు జారుతోందో తెలియదు. అన్నం ముందు కూర్చుని కలుపుకోవడం మరిచిపోయేవాడు. నమాజులో ఎన్ని రకాతులయ్యాయో మరిచిపోయి మొదటికొచ్చేవాడు. సందు చివర తన ఇల్లు దాటి పోయి వెనక్కి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

డెబ్బై తొమ్మిది మొదట్లో పోర్టు ఆఫీసు గుమాస్తా శేషగిరి ఇంటికొచ్చాడు. మంచి మనిషి. చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే ఆఫీసుకి పిలిపించకుండా ఇంటికొచ్చి చెప్పే రకం. హమీదా ఇచ్చిన టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకు కూర్చున్నాడు.

"వచ్చే నెల పౌర్ణమి పోటుకి పైనుంచి ఆఫీసరు గారు వస్తున్నారు మీరా. నిండు పడవ ఒకటి మొగ దాటితే చూస్తారట. దాటితే సరే. దాటకపోతే వచ్చే సీజను ఓడలన్నీ కాకినాడకే."

"మరి మా వాళ్ళండీ?"

"అదేనయ్యా నేను చెప్పేది. చుక్కాని నువ్వు పట్టాలి."

"ఇంకెవరైనా పట్టకూడదా అండీ?"

శేషగిరి ఆయన మొహంలోకి చూశాడు. అంత మాట మీరా నోట వస్తుందని ఆయన అనుకోలేదు. "ఇంకెవరున్నారు" అని లేచాడు.

ఆ సాయంత్రం హమీదా చేటలో బియ్యం చెరుగుతూ, ఎప్పటినుంచో నోట్లో పెట్టుకున్న మాట బయటపెట్టింది. "సముద్రం జరిగిందన్నారు. లైట్‌హౌసు ఒరిగిందన్నారు. కళ్ళు పోయాయన్నారు. జెండా ఒక్కటే జరగలేదా అండీ?"

"జెండా ఎలా జరుగుద్ది?"

"దానంతటది జరగదు. మీరే కదా పాతింది."

మీరాకి కోపం వచ్చింది. కోపం రావడంలో వింతేముంది, అది ఆయనకి ఎప్పుడో తోచి, తోచగానే తొక్కిపెట్టిన మాట. "తాతమ్మ రోజూ వచ్చి పాలు పోస్తోంది అక్కడ. పిల్లల్ని పోగొట్టుకున్న చోటు ఆవిడకి తెలీదా? వేరే చోటైతే వస్తుందా?" అని గట్టిగా అన్నాడు. హమీదా మళ్ళీ చేట ఆడించింది. ఆయన అన్న మాట గదిలో అలాగే ఉండిపోయింది. వేరే చోటైతే వస్తుందా. ఆ మాట ఎన్నిసార్లు తిప్పి చూసినా సరిగ్గానే ఉంది, అయినా కాలి కింద నేల గట్టిగా లేదు.

మర్నాడు తాతమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఉప్పెన తర్వాత ఎవరో సంఘం వాళ్ళు కట్టించిన సిమెంటు ఇళ్ళ వరసలో చివరి ఇల్లు ఆమెది. గుమ్మంలో కూర్చుంటే మొగ దాకా ఒండ్రు నేలంతా కనపడుతుంది. తాతమ్మ గుమ్మంలో కూర్చుని చిన్న రొయ్యల్ని ఎండకి ఆరబోస్తోంది. మీరా అరుగు మీద కూర్చుని, ఎండల సంగతి మాట్లాడి, రొయ్యల ధర మాట్లాడి, చివరికి అడిగాడు.

"అక్కా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. నేను జెండా పాతింది పాత చోటేనా?"

"కాదు" అంది తాతమ్మ.

ఎంత మామూలుగా అందంటే, మీరాకి సరిగ్గా వినపడలేదేమో అనిపించింది.

"కాదా?"

"ఎక్కడ పాత చోటు. అది ఇటుపక్క, చానా ఇటు. నా రోలు అక్కడే ఉంది, ఒండ్రు కింద." ఆమె గడ్డంతో ఉత్తరం వైపు చూపించింది. ఆ వైపు మాత్రం చూడలేదు.

"మరి నువ్వు రోజూ అక్కడికే వచ్చి పాలు పోస్తావు కదా అక్కా."

"అందుకే వస్తాను. ఆ చోటుకి నా కాళ్ళు రావు తమ్ముడూ. నువ్వు మళ్ళీ జెండా పాతావని తెలిసి, అయ్యో, అక్కడికి ఎట్టా పోయేది, పోకపోతే ఎట్టా అని ఏడ్చా. వచ్చి చూస్తే నువ్వు ఎక్కడో పాతేసి పోయావు. సాహెబే నా మీద దయ తలిచి నీ చేత అక్కడ పాతించాడు అనుకున్నా."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

మీరా ఏడాదికి పైగా సముద్రాన్ని తిట్టుకున్నాడు, లైట్‌హౌసుకి దారం పట్టాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఈవిడ మీద కోపం తెచ్చుకోవాలా, ఈవిడ కాళ్ళ మీద పడాలా. రెండూ చెయ్యాలనిపించింది. ఏదీ చెయ్యలేక ఒక రొయ్య తీసి మళ్ళీ చాప మీద పెట్టాడు. తర్వాత ఆఫీసరు వచ్చే సంగతీ, నిండు పడవ సంగతీ, కాకినాడ సంగతీ చెప్పాడు. ఆ పాత చోట ఒక కర్ర పాతుకోనిస్తే చాలన్నాడు. జెండా అక్కడే ఉండనీ, దాన్ని కదపనన్నాడు.

తాతమ్మ చాలాసేపు రొయ్యలు కెలికింది. "పాతమాక" అంది. "అక్కడ కర్ర పాతితే నా గుమ్మంలోంచి కనపడుద్ది. పొద్దున లేస్తే అదే. ఆ కర్ర పట్టుకుని ముగ్గురూ... పాతమాక తమ్ముడూ. నీకు దణ్ణం పెడతా."

ఆమె నిజంగానే చేతులెత్తబోయింది. మీరా ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, "పాతను" అన్నాడు.

అన్నాక ఇంటికి వస్తుంటే తెలిసింది తను ఏమన్నాడో. ఒక వాడంత జనం బతుకు ఆ కర్ర మీద ఉంది. అబ్దుల్ ఖాదర్‌కి ఇద్దరు పసిపిల్లలు. అయినా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలని లేదు, తీసుకోకుండా పడవ దాటించే దారీ లేదు. కర్ర పాతకుండా చోటు మాత్రం తెలుసుకుంటే, కంటితో గుర్తు పెట్టుకోవచ్చు కదా అనుకుని, ఖాదర్‌ని తీసుకుని పలుగుతో ఆ ఉత్తరపు ఒండ్రులోకి వెళ్ళాడు. గడ్డంతో చూపిన దిక్కు పట్టుకుని ఎంత దూరమని వెతుకుతారు. అంతా ఒకటే బురద. ఒక చోట నిలబడి పలుగెత్తాడు. దించడానికి చెయ్యి రాలేదు. కింద తగిలేది రోలే అవుతుందని ఎవరు చెప్పగలరు. పలుగు భుజాన వేసుకుని తిరిగొచ్చేశాడు.

పౌర్ణమి నాడు ఆఫీసరు వచ్చాడు. నెమ్మదైన మనిషే, గొడుగు తెచ్చుకున్నాడు. శేషగిరి ఆయన పక్కన నిలబడ్డాడు. లాంచీ వెనక నిండా ఇసుక బస్తాలు వేసిన సరుకు పడవ కట్టారు. రేవు గట్టు మీద పేట జనమంతా నిలబడ్డారు. హమీదా కూడా వచ్చింది, ఎప్పుడూ రాని మనిషి.

కాలువ పొడుగునా బాగానే సాగింది. మొగ దగ్గరపడుతుండగా ఖాదర్ ముందు కొసన నిలబడి గెడ దించి లోతు చెప్పడం మొదలుపెట్టాడు. నిండు పడవకి అయిదడుగుల నీళ్ళు కావాలి. మీరా సముద్రానికి వీపు తిప్పాడు. జెండా కనపడింది, దాని వెనక లైట్‌హౌసు కనపడింది. ఇప్పుడాయనకి ఆ జెండా అబద్ధమని తెలుసు. తెలిసినా చెయ్యి చుక్కానిని అటే తిప్పుతోంది. చిన్నప్పటినుంచి నేర్చిన చెయ్యి అది. బలవంతాన ఉత్తరానికి మళ్ళించాడు. ఎంత మళ్ళించాలో తెలియదు. లైట్‌హౌసు జెండా పక్కకి తప్పుకుని, వట్టి ఒండ్రు నేల మీద ఒంటరిగా నిలబడింది. దాని కింద ఏ గుర్తూ లేదు.

"ఆరు" అన్నాడు ఖాదర్. "అయిదున్నర. అయిదున్నర. అయిదు మావయ్యా."

"ఎందుకలా వెనక్కి చూస్తున్నాడు?" అని ఆఫీసరు శేషగిరిని అడగడం వినపడింది. శేషగిరి ఏదో గొణిగాడు. మీరా కొంచెం ఇటు తిప్పాడు, కొంచెం అటు తిప్పాడు. ఖాదర్ గొంతు సన్నబడింది. వెనక పడవ అడుగు ఒకసారి ఇసుకకి రాసుకుంది. ఆ గీరిన చప్పుడు మీరా వెన్నులోకి వచ్చింది. అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు ఒడ్డున జెండా దగ్గర తెల్లగా ఏదో కదిలింది. కొంగ ఏదో వాలిందనుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని చూస్తే మనిషి. తెల్ల చీర. జెండా మొదట్లోంచి లేచి ఉత్తరానికి నడుస్తోంది. ఒండ్రులో కాలు దిగబడుతుంటే లాక్కుంటూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ. ఒకచోట చాలాసేపు ఆగిపోయింది. వెనక్కి తిరిగిపోతుందనుకున్నాడు మీరా. తిరగలేదు. ఇంకా నడిచింది. నడిచి నడిచి ఒకచోట నిలబడి, సముద్రం వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తింది.

తాతమ్మ అని ఆయన పెదాలు అన్నాయి. చుక్కాని తిప్పాడు. లైట్‌హౌసు మెల్లగా పక్కకి జరుగుతూ వచ్చి, ఆ తెల్లచీర మనిషి తల వెనక నిలబడింది.

"అయిదున్నర" అన్నాడు ఖాదర్. తర్వాత, "ఆరు. ఆరే. ఏడు మావయ్యా."

మీరాకి ఒక పక్క కళ్ళజోడు మసకబారి గుర్తు చెదిరిపోతోంది. ఒక చేత్తో జోడు తుడుచుకుంటూ, ఒక చేత్తో చుక్కాని పట్టుకుంటూ, ఆ ముసలామె తల మీదినుంచి చూపు తప్పకుండా పడవని నడిపాడు. చేతులు దించేస్తుందేమో, పడిపోతుందేమో, పడవ దాటేలోపు ఏడుస్తూ వెళ్ళిపోతుందేమో. ఆ చేతులు అప్పుడప్పుడూ వణికి కిందికి వచ్చి మళ్ళీ పైకి లేచాయి. కింద నీళ్ళు పచ్చబడ్డాయి. నురగ వెనకపడింది. శేషగిరి ఆయన భుజం తట్టినప్పుడుగాని సముద్రంలో ఉన్నామని మీరాకి తెలియలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు సరంగు ఒడ్డుకే మొహం పెట్టి రావాలి. ఆమె అక్కడే ఉంది. పోటు నీళ్ళు ఒండ్రు మీదికి పాకి ఆమె పిక్కల దాకా వచ్చాయి. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. పడవ దాటిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. లాంచీ మొగ దాటి కాలువలోకి రాగానే మీరా చుక్కాని ఖాదర్ చేతికిచ్చి, ఆఫీసరుతో ఒక్క మాటైనా చెప్పకుండా, లాంచీ గట్టుకి ఆనగానే దిగి ఒండ్రులోకి నడిచాడు.

తాతమ్మ మొహం బూడిద రంగులో ఉంది. ఆయన చేతులు పట్టుకుని దించితే దించింది.

"దాటిందా?"

"దాటింది అక్కా."

"మళ్ళీ రేపు?"

మీరా దూరాన జెండాకేసి చూశాడు.

"రోజూ నన్ను నిలబెడతావా ఏంది" అంది తాతమ్మ. తల దించి కాళ్ళ చుట్టూ ఉన్న నీళ్ళకేసి చూసుకుంది. "పోయి పలుగు తీసుకురా."

మీరా వెళ్ళి, సిమెంటు ఇళ్ళ దగ్గర ఎవరిదో పలుగు అడిగి తెచ్చేసరికి పోటు తీసి, నేల మళ్ళీ బయటపడింది. ఆమె ఉన్న చోటునించి కదల్లేదు. ఒక అడుగు పక్కకి జరిగి చోటిచ్చింది. మీరా పలుగు ఎత్తాడు. మొన్నటిలాగే చెయ్యి పైనే ఆగిపోయింది. ఎక్కడ పొడవాలి, ఎంత లోతు, కింద ఏముంది, పొడిస్తే ఈవిడ ఏమైపోతుంది. పడవల వాడంతా కళ్ళ ముందు ఉంది, ముగ్గురు పిల్లలూ కళ్ళ ముందు ఉన్నారు, ఆయనకి ఏమీ తెలియడం లేదు.

తాతమ్మ ఆయన చేతిలోంచి పలుగు తీసుకుని మొదటి పోటు తనే పొడిచింది.